ఇది పట్టుకో, వస్తా

ఏమప్పా, ఏమ్మే, రోజూ మాపటేళ వచ్చి నా అరుగు మీద కూర్చుంటారు. శెనిక్కాయ బుడ్డలు ఒలుచుకోని తింటారు, పొట్టంతా నా వాకిట్లోనే పోస్తారు. ఏ లీడరు ఏ పార్టీలేకి దూకినాడో అడుగుతారు. ఎవురి కొడుకు ఎవురితో లేచిపోయినాడో, అదైతే శానా వివరంగా అడుగుతారు. ఇన్నేండ్లలో ఒక్కరన్నా, ఒక్క పొద్దన్నా, "అవ్వా, ఆ మూలింటి హులిగెమ్మ ఎట్లాంటి మనిషి?" అని అడిగినారా? సిగ్గుండల్ల. ఈడ కూర్చున్నోళ్లలో సగం మంది ఆమె సంగటి తిన్నోళ్లే. ఆ ఫోను లోపల పెట్టు సుధీరూ. ఏందీ, రికార్డు చేస్తాండావా? అయితే పైకే పెట్టు. అడగకపోయినా చెప్తా, వినండి.

హులిగెమ్మకు ఒగటే గుణం. చేతిలో ఏముంటే అది ఎదురుగా ఉన్నోళ్ల చేతిలో పెట్టి, "ఇది పట్టుకో, వస్తా" అనేది. పోయేది. ఇంగ రాదు. అంతే.

మీరు నవ్వుతాండారు. చేతిలో పెట్టించుకున్నోళ్లు నవ్వలేదు.

గ్యాసు బండాయన ఒకనాడు సిలిండరు దించనీకి లోపలికి పోయినాడు. ఆమె టీ వడగడతాండె. జల్లెడ ఆయన చేతికిచ్చి, "ఇది పట్టుకో నాయనా, చక్కెర తెస్తా" అనింది. చక్కెర కోసరం అంగడికి పోయింది. అంగడి కాడ కొత్తిమీర బండి కనపడింది. కొత్తిమీర బండి ఎనకాల పోతే ఆడ ఎవురింట్లోనో శ్రీమంతం. ఎవురిదో అడగలేదు, కూర్చోని తిన్నాది, తాంబూలం తీసుకోని ఇంటికొచ్చింది. వంటింట్లో ఒక మగమనిషి జల్లెడ పట్టుకోని నిలబడినాడు. ఎగాదిగా చూసి అడిగింది: "ఎవురప్పా నువ్వు? మా వంటింట్లో నీకేం పని?"

నాకు నిచ్చెన ఇచ్చింది ఒకసారి. మిద్దె మీద మిరపకాయలు ఆరబోయనీకి ఎక్కతా, "ఇది పట్టుకో వదినా, వస్తా" అనింది. పట్టుకున్నా. నడినెత్తిన ఎండ. పైన చప్పుడే లేదు. "దిగుమే హులిగీ, దిగుమే, కండ్లు తిరుగుతాండాయి" అని అరుస్తాండా. ఎనక నుంచి ఎవురో భుజం తట్టినారు. తిరిగి చూస్తే హులిగెమ్మ. పక్కింటోళ్ల మిద్దె మీదికి దాటి, వాళ్ల మెట్లు దిగి, బజారుకు పోయి ఎర్రగడ్డలు తెచ్చుకుంటాండాది. "ఎవురిని దిగమంటాండావు వదినా? పైన ఎవురుండారు?" అని నాతోపాటు తానూ తలకాయెత్తి చూసింది.

ఎస్సై కథ మీకు తెలుసు. తెలీదా? సందులో సైకిలు పోయిందని విచారించనీకి వచ్చినాడు పాపం. ఆమె చేతిలో కోడి. "సారూ, దీని కాళ్లు గట్టిగా పట్టుకో, కత్తి తెస్తా" అనింది. కత్తి ఇంట్లోనే ఉండాది. ఆమె ఇంట్లో లేదు. ఎస్సై ఆ కోడిని చంకలో పెట్టుకోనే సందంతా విచారించినాడు. అందరూ నిజమే చెప్పినారు, కోడి కండ్లలేకి చూస్తా అబద్ధం ఎట్ల చెప్తారు? సైకిలు దొరికింది. కోడి జీపెక్కి స్టేషనుకు పోయి, ఆడ ఒక గుడ్డు పెట్టి తిరిగొచ్చింది. ఆ గుడ్డు ఎవురికి చెందల్లనో ఇంతవరకూ తేలలేదు.

మంత్రాలయం పక్క పల్లె నుంచి కోడలుగా వచ్చినప్పుడే ఆమె ఇట్ల. మొగుడు పెద్ద ఈరన్న దేవుడి లాంటోడు. పెండ్లైన మర్నాటి నుంచి ఆయనకు ఒగటే ఉద్యోగం, పెండ్లాము ఎనకాల నడుస్తా కొళాయి కట్టేసేది, పొయ్యి ఆర్పేది, వాకిలి మూసేది. అత్త మాత్రం ఊరుకోలేదు. "తిక్కదాన్ని తెచ్చినాము" అని సందు సందంతా చెప్పింది. హులిగెమ్మ కండ్లనీళ్లు పెట్టుకునే రకమా? "అవునత్తా, తిక్కదాన్నే. ఈ తిక్కదాని చేతి సంగటి రెండో ముద్ద నువ్వే కదా అడుగుతాండావు, ముందు చెయ్యి కడుక్కో" అనింది. అట్లాంటిది.

ఈరన్న పోయినాక కొళాయి కట్టేసేటోళ్లు లేక ఇల్లు చెరువైంది. అప్పుడే ఇంట్లోనే గదులేసి కాలేజీ ఆడపిల్లలకు బాడుగకిచ్చి, భోజనం కూడా పెట్టేది మొదలుపెట్టింది. పిల్లలంతా ఆమెను అవ్వా అనేటోళ్లు. ఆ ఇంట్లో ఎవురి చేతులూ ఖాళీగా ఉండేటివి కాదు. ఒకతె చాట పట్టుకోనుంటే, ఇంగొకతె రోకలి, మూడోది పక్కింటోళ్ల చంటిబిడ్డ. పక్కింటోళ్లు బిడ్డ యాడ అని ఎతుకుతాంటారు.

ఆ ఇంటికి వచ్చింది నాగజ్యోతి. కడప దగ్గర కమలాపురం వాళ్లు, నాయన నారాయణ, సేద్యం. పిల్ల ఇంజనీరింగు. దిగిన పొద్దే పెట్టె తీసుకోని మా ఇంట్లేకి వచ్చి, మంచం కింద పెట్టి, "నా గది శానా బాగుండాదవ్వా" అనింది. మూలిల్లు అదిమే అని చూపించి పంపిస్తే పెట్టె మర్చిపోయి పోయింది. పెట్టె ఇయ్యనీకి నేను పోతే చెప్పులు మర్చిపోయి నా ఎనకే వచ్చింది. హులిగెమ్మ వాకిట్లో నిలబడి ఈ పిల్లను అట్లే చూస్తాండె, అద్దంలో చూసుకున్నట్ల.

పుస్తకం తెరిస్తే ఆ పిల్ల ఫ్యాను రెక్కలు చూస్తాది. ఫ్యాను ఆపితే గోడ మీద బల్లిని చూస్తాది. బల్లి పోతే బల్లి యాడికి పోయిందా అని చూస్తాది. అంతలో మాపటేళైతాది. తెలివి లేకగాదప్పా. పదో తరగతిలో స్కూలుకే ఫస్టు. వాళ్లమ్మ పక్కనే కూర్చోని, "ఊఁ, చదువు, ఊఁ, చదువు" అంటా మొదటి నుంచి కడదాకా లాక్కొచ్చింది. ఇంటర్లో హాస్టలు, గంట కొడితే లేచేది, గంట కొడితే తినేది, గంట కొడితే చదివేది. ఇంజనీరింగులో గంట యాడిది? "ఊఁ" అనేటోళ్లు యాడ? వదిలేసిన గాలిపటం మాదిరి అయిపోయింది.

రెండో యేడు పరీక్షలు. కూర్చోని, కండ్లు మంటలెత్తేదాకా చదివి, పొద్దున్నే పోయి చూస్తే ఆ పొద్దు వేరే సబ్జెక్టు. చదివింది ఎల్లుండిది. ఎల్లుండి పోతే, చదివింది మర్చిపోయింది. రెండూ తప్పింది. కాలేజీ సారు కమలాపురానికి ఫోను కొట్టి, "మీ అమ్మాయికి చదువు మీద ధ్యాసే లేదు, ఒట్టి సోమరి. ఫీజు దండగ, ఇంటికి తీసుకుపోండి" అన్నాడు. నారాయణ పిల్లకు ఫోను చేసినాడు. అరిచింటే బాగుండు. అరవలేదు. "నేను ఎండలో నిలబడి సంపాదిస్తాండా. నువ్వు నీడలో కూర్చోని చదవలేవామ్మా?" అన్నాడు. "తప్పినవాటికి మళ్ల పరీక్ష పెడతారంట కదా. అవి ముగిసే పొద్దు వస్తా. చదువు చాలు, నాతో వచ్చెయ్" అని పెట్టేసినాడు.

ఇంగ ఆ పిల్ల గోడ పక్కకు మొగం తిప్పుకోని పండుకుంది. కాలేజీకి పోదు. తినదు. తల దువ్వుకోదు. అడిగితే ఒగటే మాట, "నేను దేనికీ పనికిరానవ్వా."

హులిగెమ్మ ఓదార్చిందా? ఓదార్చలేదు. తడి దుప్పటి ఒకటి భుజానేసుకోని గదిలేకి పోయి, "లేమే. ఒక్క నిమిషం మిద్దె మీదికి రా" అని చెయ్యి పట్టి లాక్కపోయింది. దుప్పటి ఒక కొస దాని చేతిలో పెట్టింది. "ఇది పట్టుకో, వస్తా." పోయింది.

తడి దుప్పటి బరువు. ఒకతె పిండలేదు, కింద పెడితే మట్టి. నాగజ్యోతి ఆ కొస పట్టుకోని బొమ్మ మాదిరి నిలబడింది. అంతలో కింది గది పిల్ల షమీమ్ మెట్లెక్కి వచ్చింది. "ఏందక్కా, ఒక్కదానివే పిండుతాండావా?" అని రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ మెలేసినారు. ఇది ఏ పక్కకు తిప్పితే అదీ ఆ పక్కకే తిప్పింది, ఇంగ నీళ్లు యాడ కారతాయి? షమీమ్ నవ్వింది. అన్ని దినాల తర్వాత నాగజ్యోతీ నవ్వింది. ఆ మాపటికి ఒక ముద్ద తిన్నాది. హులిగెమ్మ దుప్పటి సంగతే ఎత్తలేదు. మర్చిపోయింది, ఇంగేముంది అనుకున్నారు.

ఆ షమీమే తర్వాత ఫోన్లో ఏదో వీడియో చూపించింది. "అక్కా, ఇందులో చెప్పేదంతా నీ మాదిరే ఉండాది. వస్తువులు పోగొట్టేది, సగంలో వదిలేసేది, తెలిసీ మొదలుపెట్టలేకపోయేది. దీనికో పేరుండాదంట."

నాగజ్యోతి భయపడింది. "అది తిక్కనా?"

హులిగెమ్మ వంటింట్లో నుంచి విన్నాది. "ఫోను చెప్పింది ఫోను కాడే ఉంటాది. పేరు పెట్టల్లంటే డాక్టరే పెట్టల్ల. పీరా! ఓ పీరా! ఆటో తియ్!" పీరా మా సందు ఆటో ఆయన. ఆమె పిలిస్తే ముందు చేతులు జేబుల్లో పెట్టుకోని వచ్చేటోడు, ఏం పట్టుకోమంటాదో అని.

పెద్దాసుపత్రిలో మనసు డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. పిల్లను కూర్చోబెట్టి, "చెప్పు నాగజ్యోతీ, ఒక పని మొదలుపెట్టి సగంలో వదిలేస్తుంటావా?" అని అడిగింది.

"వదిలేస్తాది. నేనూ అంతే," అనింది హులిగెమ్మ.

"వస్తువులు పోగొట్టుకుంటావా?"

"పోగొడతాము. ఈ పొద్దే చూడు తల్లీ," అని రెండు కాళ్లూ చాపింది. రెండు చెప్పులూ ఎడమకాలివే.

"పెద్దమ్మా, నేను ఈ అమ్మాయిని అడుగుతున్నా."

"అడుగు తల్లీ, నేనేమన్నా అడ్డమొచ్చినానా?"

"సరే. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో..."

"దూరిపోతాము!"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి నవ్వింది. "పెద్దమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి."

"కూర్చుంటా, దాందేముంది," అని చేతిలో ఉన్న సొరకాయ డాక్టరమ్మ చేతిలో పెట్టింది. "ఇది పట్టుకో, వస్తా." ఆసుపత్రికి సొరకాయ ఎందుకు తీసుకపోయిందో ఆమెనే అడగల్ల. డాక్టరమ్మ ఒళ్లో సొరకాయ పెట్టుకోనే మిగతా ప్రశ్నలన్నీ అడిగింది. ఆ సొరకాయ చూసి నాగజ్యోతికి భయం పోయిందంట. సొరకాయ ఎత్తుకోనుండే మనిషి ముందర దాయనీకి ఏముంటాది? అంతా చెప్పింది, చచ్చిపోతే బాగుండు అనిపించిన దినాలతో సహా.

ఒక్క పొద్దులో తేల్చలేదు డాక్టరమ్మ. మళ్ల మళ్ల రమ్మనింది. కమలాపురంలో వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడి చిన్ననాటి సంగతులన్నీ అడిగింది. కడాకు చెప్పింది. దాని పేరు ఏడీహెచ్‌డీ. సోమరితనం గాదు, తిక్క గాదు. ధ్యాస నిలిచే తీరే పుట్టుకతో అట్ల. మొగపిల్లోళ్లు గోడలెక్కి దూకుతారు కాబట్టి అందరికీ కనపడతాది. ఆడపిల్లలు గమ్మున కిటికీ పక్కకు చూస్తా కూర్చుంటారు, ఎవురికీ కనపడదు. ఇన్నేండ్లు తిట్లు తిని తిని దాని మీద దిగులు కూడా పేరుకుంది, దానికీ మందుండాది, మాటలుండాయి అనింది.

"అంటే మేడం, నేను సోమరిని కానా?" అనింది నాగజ్యోతి.

"కాదు. నువ్వు అందరికంటే ఎక్కువ కష్టపడి, అందరికంటే తక్కువ మార్కులు తెచ్చుకుంటున్నావు. సోమరులు అంత కష్టపడరు."

పిల్ల ఏడ్చింది. డాక్టరమ్మ ఏడవనిచ్చింది. తర్వాత హులిగెమ్మను చూసి, "మీక్కూడా ఉందేమో చూద్దామా పెద్దమ్మా?" అనింది.

"ఉంటే ఉండనీ తల్లీ. ఇన్నేండ్లుగా నా తలకాయలో బాడుగ లేకుండా కాపురముండాది. ఇప్పుడు ఖాళీ చేయమంటే యాడికి పోతాది పాపం?"

పొద్దున్నే ఒక మాత్ర. వారానికొకసారి డాక్టరమ్మతో మాటలు. పాఠం మొత్తం ఒక్కసారి మింగద్దు, ముక్కలు చేసుకోని చదువు. చదివేటప్పుడు ఎవురన్నా పక్కన కూర్చోండి, ఏమీ చెప్పక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. ఇదీ వైద్యం.

సందులో మనోళ్లు ఊరుకుంటారా? "తిక్క డాక్టరు కాడికి పోయినారంట, ఆ పిల్లకు పట్టిందంట" అని కొళాయి కాడ గుసగుస. ఆ గుసగుసలో ఈడున్నోళ్లు కూడా ఉండారు, పేర్లు చెప్పమంటారా? హులిగెమ్మ బిందె పక్కన పెట్టి నడిసందులో నిలబడింది.

"పోయినాం! బాజా కొట్టుకోని పోలేదు, అదొక్కటే తక్కువ. బీపీకి మాత్ర మింగేటోళ్లు చెయ్యెత్తండి. ఎత్తమే, నీకుండాది నాకు తెలుసు. చక్కెరకు మింగేటోళ్లు? ఆ చెయ్యి కూడా ఎత్తు. గుండెకాయకు మింగితే మర్యాద, తలకాయకు మింగితే తిక్కనా? గుండెకాయ మీ సొంతం, తలకాయ పక్కింటోళ్లదా? ఇంగొకసారి ఆ పిల్లను తిక్కది అంటే, మొదటి తిక్కదాన్ని నేనుండా, నా వాకిలి కాడికి రండి. సంగటి పెట్టి మరీ తిడతా!"

ఎవురూ పోలేదు. సంగటి కోసరం ఒకాయన పోయినాడు గానీ వాకిట్లో నుంచే ఎనక్కి తిరుక్కున్నాడు.

అన్నిటికంటే పెద్ద వింత ఇంగ చెప్తా. పక్కన కూర్చోవల్ల కదా? ఎవురు కూర్చున్నారు? హులిగెమ్మ! పుట్టినప్పటి నుంచి ఒక తావున నిలబడని మనిషి, పెండ్లి పీటల మీద కూడా లేచి పోయి ఎవురికి నీళ్లు కావల్లనో అడిగిన మనిషి, చాట నిండా బుడ్డలు పెట్టుకోని నాగజ్యోతి పక్కన కూర్చుంది. చూడనీకి సందంతా పోయినాము. పీరా ఆటో ఆపుకోని వచ్చినాడు. కాళ్లు ఆడతాండాయి, వేళ్లు ఆడతాండాయి, జుట్టుముడి కూడా ఆడతాండాది, మనిషి మాత్రం లేవలేదు. "ఊఁ, చదువు" అనింది. పిల్ల ఒక పేజీ చదివింది. హులిగెమ్మ చెమటతో తడిసిపోయింది. ఎండలో కంకర మోసినోళ్లు కూడా అంత అలిసిపోరు.

అట్ల పరీక్ష పొద్దు వచ్చింది. తప్పిన సబ్జెక్టుల్లో ఒకటి ముందే రాసింది, రెండోది ఆ పొద్దు. అది రాయకపోతే పిల్ల మూడో యేడుకు పోదు, చదువు ఆడికే సరి. హులిగెమ్మ హాల్‌టికెట్టును పిల్ల చున్నీకి పిన్నీసుతో గుచ్చింది, పెన్నును జడకు రబ్బరుతో కట్టింది. పీరా ఆటో వాకిట్లో ఉండాది. వంటింట్లో పెద్ద డేక్షాలో పిల్లలందరికీ సంగటి ఉడుకుతాండాది. అప్పుడే పిండి పోసి తెడ్డేసి కెలుకుతాండాది హులిగెమ్మ.

వాకిట్లో నారాయణ నిలబడినాడు. పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చేసినాడు.

"బట్టలు సర్దుకోమ్మా. పోదాం పా," అన్నాడు.

"నాయనా, ఈ పొద్దు పరీక్ష..."

"రాసి ఏం జేస్తావు? మళ్ల తప్పనీకా? పొయ్యే కాడికి పోయింది. ఇంగ నువ్వు నలుగురిలో మాట పడేది నేను చూడలేను. బస్సుకు టైమైతాది, పా."

పిల్ల మొగం తెల్లబడింది. తిరిగి గదిలేకి పోయి గోడ పక్కకు తిరిగి పండుకునేటట్ల ఉండాది.

హులిగెమ్మ బయటికొచ్చింది. "ఏమప్పా నారాయణప్పా, ఇప్పుడేనా వచ్చేది? మంచి టైముకు వచ్చినావు, రా రా" అని చెయ్యి పట్టుకోని వంటింట్లేకి తీసుకపోయి, తెడ్డు ఆయన చేతిలో పెట్టింది. "ఇది పట్టుకో, వస్తా."

పోయింది. పిల్లను ఆటోలేకి తోసి, తానూ ఎక్కి, "పీరా, తోలు!" అనింది.

అర్థమైతాందా మీకు? సంగటి! పిండి పోసినాక చెయ్యి ఆపితే గడ్డలు కడతాది, అడుగంటుతాది. మన సీమ రైతు చేలో పైరెండితే చూస్తాడు, బోరెండితే చూస్తాడు. కండ్లముందర సంగటి అడుగంటుతాంటే చూడలేడు. కమలాపురం నుంచి కూతుర్ని తీసుకపోనీకి వచ్చిన మనిషి, ఆటో పోయే చప్పుడు వింటానే, తెడ్డు వదల్లేక కెలుకుతా అరుస్తాండాడు: "అమ్మా! ఎవురన్నా రాండి! ఇది పట్టుకోండి, నేను పోవల్ల!"

షమీమ్ వచ్చింది. "అంకుల్, మాకు సంగటి కెలికేది రాదు."

"రాదా? ఇంజనీరింగు చదువుతాండారు, సంగటి కెలకలేరా?"

"సిలబస్‌లో లేదంకుల్."

"డేక్షా ఆ పక్క పట్టుకో. అట్ల గాదు, కాలితో అదుముకో. గట్టిగా! ఉప్పేసినారా దీంట్లో? ఎవురు పోసినారమ్మా ఇన్ని నీళ్లు?"

ఆయన కెలికినాడు. దించినాడు. ముద్దలు కట్టినాడు. పిల్లలు పళ్లేలు పట్టుకోని వరసగా వచ్చినారు. "అంకుల్, నాకింగొకటి." "అంకుల్, మీ చేతి సంగటి అవ్వ దానికంటే బాగుండాది, ఆమెకు చెప్పద్దండి." తినుకుంటా పిల్లలు మాట్లాడతారు కదా. ఒకతె చెప్పింది నాగజ్యోతి ఎంత చదువుతాండాదో. ఒకతె చెప్పింది డాక్టరమ్మ సంగతి. షమీమ్ చెప్పింది, ఆ గోడ పక్కకు తిరిగి పండుకున్న దినాల సంగతి. నారాయణ చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది.

ఆడ కాలేజీ గేటు కాడ హులిగెమ్మ పరీక్ష అయ్యేదాకా కాపలా. లోపలికి పోనీరు, బయట నిలబడలేదు. కాంపౌండు గోడ చుట్టూ తిరిగింది, తిరిగింది, వాచ్‌మన్‌కు కండ్లు తిరిగి కుర్చీలో కూర్చున్నాడంట, పీరా చెప్పినాడు.

మధ్యాన్నం తిరిగొచ్చేసరికి నారాయణ పంచె ఎగ్గట్టుకోని, చెమటలు కారతా, డేక్షా తోముతాండాడు.

"రాసినావా?" అన్నాడు, తలకాయెత్తకుండా.

"రాసినా నాయనా."

"అన్నీనా?"

"అన్నీ రాయలేదు. కానీ కడదాకా కూర్చున్నా. మధ్యలో ఒక్కసారే కిటికీ చూసినా. మళ్ల వచ్చేసినా."

నారాయణ చెయ్యి కడుక్కున్నాడు. "మాత్రలు మింగుతాండావంటనే."

పిల్ల కంటే ముందే హులిగెమ్మ పలికింది. "మింగుతాంది. ఏం?"

"అదిగాదక్కా. రేపు ఊర్లో తెలిస్తే... తిక్కకు మందు అంటారు."

"నారాయణప్పా, నీ చేలో బోరుండాదా?"

"ఉండాది."

"నీళ్లుండాయా?"

"ఉండాయి, లోతులో."

"మోటరు ఎందుకు బిగించినావు?"

"బిగించకపోతే నీళ్లు పైకెట్ల వస్తాయి?"

"మోటరు బిగించినావని నీ బోరుకు తిక్క పట్టిందని కమలాపురంలో ఎవురన్నా అన్నారా? పిల్ల తలకాయలో నీళ్లుండాయి. శానా ఉండాయి. డాక్టరమ్మ మోటరు బిగించింది. కరెంటు తీసేసి ఇంటికి తీసుకపోతానంటే తీసుకపో, నీ బిడ్డ, నీ ఇష్టం. అయితే ముందు నీ బోరు మోటరు పీకి ఈడ తెచ్చి పెట్టు. అప్పుడు తీసుకపో."

నారాయణ కండువాతో మొగం తుడుచుకున్నాడు. చెమటే, నేనేమీ అనను. "మూడో యేడు కూడా చదవనీ. చూస్తా," అన్నాడు కడాకు. మళ్ల అన్నాడు, "రేపటి నుంచి నీళ్లు తగ్గించి పొయ్యక్కా. అది సంగటా, జావనా?"

అందరూ నవ్వతాంటే నాగజ్యోతికి కూడా నోరొచ్చింది. "చూసినావా నాయనా, అవ్వ నీకు తెడ్డిచ్చి మర్చిపోయింది. నాకొకసారి దుప్పటి కొస ఇచ్చి మర్చిపోయింది. షమీమ్ అట్ల వచ్చింది కాబట్టి సరిపోయింది."

షమీమ్ పళ్లెం కింద పెట్టింది. "నేనెందుకు వచ్చినా అనుకుంటాండావక్కా? ఆ పొద్దు అవ్వ నా గదికొచ్చి, 'లేమే, మిద్దె మీదికి పో. ఆ పిల్ల ఒక్కతే దుప్పటి పట్టుకోని నిలబడింది, రెండో కొస పట్టుకో. నేను చెప్పినానని చెప్పినావంటే మీ గదికి ఫ్యాను పీకేస్తా' అనింది."



ఇంగొక పిల్ల మెల్లగా అనింది, "నేను మొదటేడు ఇంటి మీద బెంగపడి ఏడుస్తాంటే నా చేతికి తిరగలి పిడి ఇచ్చి పోయింది. పక్క గది పద్మక్క వచ్చి రెండో పక్క పట్టుకుంది." ఇంగొకతె, "నాకు చాప. అంత పెద్ద చాప ఒక్కదాన్నే ఎట్ల మడతేస్తా అనుకున్నా. అంతలో షమీమ్ వచ్చింది." షమీమ్ అనింది, "నన్నూ ఆమే పంపించింది."

అంతే గదప్పా. గ్యాసాయన చేతికిచ్చిన జల్లెడ ఆమె మర్చిపోయిన మాట నిజం. నా నిచ్చెన నూటికి నూరుపాళ్లు మర్చిపోయింది, ఆ పాపం ఆమెదే. కానీ దిగులుపడే పిల్ల చేతికిచ్చింది మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు. చూసుకుంటే అవన్నీ ఇద్దరు పట్టుకునే వస్తువులే. "వస్తా" అని పోయేది రెండో మనిషిని ఎతకనీకి.

అందరూ ఆమె పక్కకు తిరిగినారు. హులిగెమ్మకు ఎక్కడలేని కోపమొచ్చింది. మంచిదానివి అంటే ఆమెకు ఒళ్లు మంట.

"ఏందిమే అట్ల చూస్తారు? నాకు మతిమరుపు. పోయి డాక్టరమ్మను అడగండి. మర్చిపోయినా అంటే మర్చిపోయినా! రోగమున్నదాన్ని పట్టుకోని తెలివుండాదని నింద ఏస్తారా?"

"మరి నాకు తెడ్డు ఎందుకిచ్చినావక్కా?" అన్నాడు నారాయణ.

"సంగటి అడుగంటుతాదని! నీ మీద నాకేం ప్రేమ?"

నాగజ్యోతి రెండో సబ్జెక్టు కూడా పాసైంది, బొటాబొటీగా. తన జట్టు పిల్లల కంటే ఎనకబడి చదువు ముగించింది. ఎనకబడితే ఏమి, రైలుబండినా తప్పిపోనీకి? ఇప్పుడు కడపలో ఉద్యోగం. తాళంచెవులు ఇప్పటికీ పోగొడతాది, పోగొట్టనీ, బీగాలు చేసేటోడు బతకద్దా? నారాయణ కమలాపురంలో ఎవురి పిల్ల చదువులో తప్పినా వాళ్లింటికి పోయి, "సోమరి అనద్దు, ముందు డాక్టరుకు చూపించండి" అంటాండాడంట. వాళ్లు అడగకపోయినా చెప్తాండాడు. అడిగేదాకా ఆగితే ఏమైతాదో మిమ్మల్ని చూస్తే తెలుస్తాండాది కదా.

ఆమెను తిక్కది అన్నోళ్లు ఇంగా ఉండారు ఈ సందులో. అనుకోనీ. తిక్క లేనోళ్లు ఈ సందులో ఎవురికి ఏం చేసినారో ఒక్కటి చెప్పమను, వింటా.

హులిగెమ్మ పోయిన ఎండాకాలంలో పోయింది. నిద్రలోనే. వయసు డెబ్బై నాలుగు.